బుడగలు లెక్కపెట్టడం మానేసేదాకా: క్యాల్షియం రియాక్టర్ డైరీ

ఇది ఉప్పునీళ్ళ కోరల్ ట్యాంకుకి క్యాల్షియం రియాక్టర్ పెట్టిన 75 రోజుల నోట్‌బుక్ నుంచి తీసి రాస్తున్నా. రియాక్టర్ అంటే సీవోటూతో ట్యాంక్ నీళ్ళని పుల్లబరిచి క్యాల్షియం కార్బొనేట్ గింజల్ని (మీడియా) కరిగించే డబ్బా, కోరల్స్ పెరగడానికి కావాల్సిన క్యాల్షియం, ఆల్క్ (ఆల్కలినిటీ, నీళ్ళలో కార్బొనేట్ల నిల్వ) అలా వస్తాయి. రియాక్టర్ ఎందుకు మంచిది, డోసింగ్ (అవే ద్రావణాలుగా పోయడం) ఎందుకు మానేశా అనే ముచ్చట వదిలేస్తున్నా, ఎక్కడ దెబ్బ తిన్నానో అదే ఎక్కువ రాస్తా. అంకెలన్నీ నా ట్యాంకువి, మీవి వేరే వస్తాయి, కానీ లెక్క చేసే పద్ధతి మాత్రం ఎవరికైనా ఒకటే.

ట్యాంక్, సంప్ (ఫిల్టర్ సామాను ఉండే కింది తొట్టి) కలిపి అసలు నీళ్ళు 400 లీటర్లు (రాళ్ళు పెట్టాక, బకెట్లతో కొలుస్తూ నింపా, గ్లాసు కొలతలు గుణించి వచ్చిన అంకె కాదు). ఎక్కువగా ఎస్‌పీఎస్ కోరల్స్ (చిన్న పాలిప్స్ ఉండే గట్టి రకం): అక్రోపోరా, మాంటిపోరా, కొంచెం బర్డ్స్‌నెస్ట్. ఉప్పు 35 పీపీటీ.

దశ 0: రోజుకి ఎంత తింటోంది?

ఇది చేయకుండా రియాక్టర్ బిగించేవాళ్ళు చాలామంది, నేను కూడా దాదాపు అదే చేయబోయా.

1. ముందు క్యాల్షియం, మెగ్నీషియం విడిగా సరిచేశా. క్యాల్షియం 380 పీపీఎం (లీటరుకి మి.గ్రా.) ఉంటే క్యాల్షియం క్లోరైడ్‌తో మెల్లగా 420కి తెచ్చా, మెగ్నీషియం 1300 దగ్గరే ఉంది.
2. టూ-పార్ట్ డోసింగ్ (క్యాల్షియానికి ఒక ద్రావణం, ఆల్క్‌కి ఒకటి) రెండు రోజులు ఆపేశా.
3. రోజూ ఒకే టైముకి ఆల్క్ కొలిచా: 8.8, 7.6, 6.5 డీకేహెచ్ (ఆల్క్ కొలత).

అంటే రోజుకి 1.2 దాకా దిగుతోంది. మొదటి మెట్టు ఎందుకంటే, రియాక్టర్ నుంచి ఆల్క్, క్యాల్షియం రెండూ జంటగానే వస్తాయి, 1 డీకేహెచ్‌కి ఇంచుమించు 7 పీపీఎం క్యాల్షియం. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉన్న ట్యాంకుని అది సరిచేయదు, ఆ తేడాని అలాగే మోసుకుపోతుంది.

ఇక లెక్క. 400 లీటర్లు × 1.2 = 480. ఈ 480 అనే అంకె గోడ మీద రాసి పెట్టుకున్నా, తర్వాత అన్నీ దీని చుట్టూనే తిరిగాయి. మీడియా లెక్కలో చెప్పాలంటే 1 డీకేహెచ్ అంటే లీటరుకి 17.86 మి.గ్రా. క్యాల్షియం కార్బొనేట్, అంటే రోజుకి 8.6 గ్రాములు కరగాలి. అంతే, పెద్ద కొండేమీ కాదు.

దశ 1: బిగింపు, గ్యాస్ లీకులు (రోజు 1–6)

చాంబర్‌లో 3.5 కిలోల ముతక ఆరగొనైట్ మీడియా, పైన గుప్పెడు మెగ్నీషియం మీడియా. మీడియా కడగడం మీద బద్ధకం వద్దు, నేను మూడు నీళ్ళు పోసి చాలనుకున్నా, సన్నపొడి అంతా వెళ్ళి సర్క్యులేషన్ పంపు జాలీకి పట్టేసింది, విప్పి ఏడు నీళ్ళు పోశా. మొదటి రెండు బకెట్ల ఎఫ్లుయెంట్ (రియాక్టర్ నుంచి బయటికి వచ్చే నీళ్ళు) ట్యాంకులోకి వదలకుండా పారబోశా, కొత్త మీడియా నుంచి కొంత ఫాస్ఫేట్ వస్తుంది కాబట్టి.

గ్యాస్ వైపు వరస ఇది: 2 కిలోల సీవోటూ సిలిండర్, డ్యూయల్ స్టేజ్ రెగ్యులేటర్, సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్), నీడిల్ వాల్వ్ (గ్యాస్‌ని సన్నగా సరిచేసేది), బబుల్ కౌంటర్, చెక్ వాల్వ్ (వెనక్కి రానివ్వనిది), ట్యూబ్, రియాక్టర్. సిలిండర్ నిలువుగానే ఉండాలి, పట్టీతో స్టాండుకి కట్టేశా. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది.

ఒక ముఖ్యమైన పని: గ్యాస్ తెరవకముందే సిలిండర్‌ని రెగ్యులేటర్‌తో సహా తూకం వేశా. 6,420 గ్రాములు. ప్రెజర్ గేజ్ చూసి గ్యాస్ ఎంత మిగిలిందో తెలియదు, లోపల ద్రవం ఉన్నంతసేపూ ముల్లు దాదాపు ఒక్కచోటే నిలబడుతుంది, గది వేడిని బట్టి మాత్రం కాస్త అటూ ఇటూ. ద్రవం అయిపోయాకే పడటం మొదలవుతుంది, అప్పటికి ఆలస్యం. తూకమే నిజం చెబుతుంది.

రోజు 3: నిమిషానికి 40 బుడగలు పోతున్నాయి, చాంబర్ పీహెచ్ 7.1 దగ్గర కూర్చుంది, కిందికి రాదు. బుడగలు 60 చేశా. 7.0. ఇంకా పెంచా. ఇక్కడే నా బుర్ర పనిచేయలేదు, గ్యాస్ చాలట్లేదు అనుకున్నానే గానీ చేరట్లేదు అనుకోలేదు.

రోజు 5: తూకం 6,265. నాలుగు రోజుల్లో 155 గ్రాములు! రోజుకి 40 గ్రాములకి దగ్గర. నాకు కావాల్సింది ఎంతో లెక్క చూస్తే, 8.6 గ్రాముల మీడియా కరగడానికి 3.8 గ్రాముల సీవోటూ, పైన నీళ్ళలో కరిగి ఊరికే బయటికి పోయేది ఇంకో 2 గ్రాములు, మొత్తం 6. మరి మిగతా 34 ఎక్కడికి?

రెండు లీకులు దొరికాయి.

1. సబ్బునీళ్ళు పూస్తే సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగించే జాయింట్ దగ్గర సన్నగా నురగ. అక్కడ టెఫ్లాన్ టేప్ చుట్టి పెద్ద పని చేశాననుకున్నా, కానీ అక్కడ లీకు ఆపేది మర కాదు, లోపలి వాషర్. అది ఒక పక్కకి నలిగి ఉంది. టేప్ పీకేసి కొత్త వాషర్ వేశా.
2. బబుల్ కౌంటర్ నుంచి రియాక్టర్ దాకా నేను వాడింది రెండు మీటర్ల సిలికాన్ ట్యూబ్, ఎయిర్ పంపుకి వాడేది. సిలికాన్ గోడలోంచి సీవోటూ బయటికి పాకిపోతుంది, సబ్బునీళ్ళకి కూడా దొరకదు. కౌంటర్‌లో 60 బుడగలు లెక్కపెడుతున్నా, చాంబర్‌కి ఎన్ని చేరాయో దేవుడికే తెలియాలి. పాలీయూరిథేన్ ట్యూబ్ వేశా, పొడవు కూడా 70 సెం.మీ.కి తగ్గించా.

ట్యూబ్ మార్చిన సాయంత్రమే అదే 40 బుడగలకి పీహెచ్ 6.7కి దిగింది. బుడగల అంకె మీద నమ్మకం పోయింది ఆ రోజే. ఒక కౌంటర్‌లో బుడగ ఇంకో కౌంటర్ బుడగంత ఉండదు, "నాది నిమిషానికి 25, నీదెంత" అనే మాటకి అర్థమే లేదు.

ఇంకో చిన్న గొడవ, సోలనాయిడ్ మూసుకున్నప్పుడు లైన్‌లో మిగిలిన గ్యాస్ నీళ్ళలో కరిగిపోయి ట్యూబ్‌లోకి నీళ్ళు వెనక్కి లాగేసుకున్నాయి, బబుల్ కౌంటర్ దాకా వచ్చేశాయి. చెక్ వాల్వ్ సరిగ్గా మూసుకోలేదు. రెండోది కూడా వేశా, రియాక్టర్‌కి దగ్గరగా.

ఇప్పటిదాకా: 6 రోజులు. గ్యాస్ 160 గ్రా. (అందులో పనికొచ్చింది ఎంతో చెప్పుకోవడం సిగ్గుచేటు). ట్యాంకుకి చేరిన ఆల్క్: లేనట్టే. టూ-పార్ట్ సగానికి తగ్గించి ఇంకా నడుస్తోంది.

దశ 2: ప్రవాహం, సున్నం ముద్ద (రోజు 7–16)

ఎఫ్లుయెంట్ ఎంత రావాలో ముందే లెక్క కట్టుకున్నా. ఎఫ్లుయెంట్ 28 డీకేహెచ్ వస్తుందనుకుంటే, ట్యాంక్ 8, తేడా 20. 480 ÷ 20 = రోజుకి 24 లీటర్లు, నిమిషానికి 16.7 మి.లీ.

మొదట రిటర్న్ పంపు (సంప్ నుంచి ట్యాంకుకి నీళ్ళు తోసేది) నుంచి ఒక గొట్టం తీసి రియాక్టర్‌కి ఇచ్చా, బయటికి వచ్చే వైపు చిన్న వాల్వ్‌తో చుక్కలు సరిచేశా. పెరిస్టాల్టిక్ పంపు (రోలర్లతో ట్యూబ్‌ని నొక్కుతూ నీళ్ళు తోసేది) ఎందుకు దండగ అనుకున్నా. మూడు రోజులు కొలిచిన అంకెలు చూడండి (కొలజాడీలో 3 నిమిషాలు పట్టి మూడుతో భాగించా):

రోజు 8: సాయంత్రం 17, పొద్దున 6.
రోజు 9: సాయంత్రం 16, పొద్దున 9.
రోజు 10: సాయంత్రం 17, పొద్దున 4.

వాల్వ్ ఎంత సన్నగా తెరిస్తే అంత తొందరగా మూసుకుపోతోంది. ఎఫ్లుయెంట్‌లో గ్యాస్ బయటికి పోయిన కొద్దీ క్యాల్షియం కార్బొనేట్ మళ్ళీ గట్టిపడుతుంది, సరిగ్గా ఆ సన్న సందులోనే పేరుకుంటుంది. రాత్రంతా నీళ్ళు తగ్గుతాయి, గ్యాస్ మాత్రం అంతే పోతూ ఉంటుంది, చాంబర్ పుల్లబడుతుంది. అప్పటికి పీహెచ్ చూసి గ్యాస్ ఆపే, తెరిచే కంట్రోలర్‌కి సోలనాయిడ్ కలపలేదు, పీహెచ్ ఊరికే చూస్తున్నా. మీటర్ 6.5 పైనే చూపిస్తోంది కదా, పర్లేదులే అని వదిలేశా.

రోజు 15 రాత్రి పంపు నుంచి రాళ్ళు రుబ్బుతున్న చప్పుడు. రోజు 16 పొద్దున ఎఫ్లుయెంట్ తెల్లగా, మబ్బుగా. మూత విప్పితే అడుగున మీడియా గింజలు లేవు, గోడకి వేసే సున్నం తడిపి పెట్టినట్టు ముద్ద. చేత్తో తీస్తే 400 గ్రాముల దాకా వచ్చింది. పారబోశా.

ప్రోబ్‌ని పీహెచ్ 7.00 అని ముందే తెలిసిన బఫర్‌లో పెట్టి చూశా. 7.38 చూపించింది. అంటే మీటర్‌లో 6.55 అని ఉన్నప్పుడు లోపల నిజంగా ఉన్నది ఇంచుమించు 6.15. ఆ ప్రోబ్ ఏడాదిగా ట్యాంకులో వాడింది, కాలిబ్రేషన్ ఎప్పుడో 7, 10 బఫర్లతో చేశా, రియాక్టర్‌లో పెట్టే ముందు మళ్ళీ చూడలేదు. తప్పు పూర్తిగా నాదే.

ఇప్పటిదాకా: 16 రోజులు. గ్యాస్ 240 గ్రా. పాడైన మీడియా 400 గ్రా. ట్యాంక్ ఆల్క్ 7.4 నుంచి 8.9 మధ్య ఊగింది.

దశ 3: విప్పి మళ్ళీ కట్టడం (రోజు 17–24)

మార్చినవి, ఎందుకో కూడా:

1. కొత్త ప్రోబ్, 7.00, 4.00 బఫర్లతో కాలిబ్రేషన్. రియాక్టర్ పనిచేసేది 7 కింద కాబట్టి 10 బఫర్ ఇక్కడ అక్కరకి రాదు. రెండు వారాలకోసారి 7లో పెట్టి చూడటం, 0.05 కంటే తేడా ఉంటే మళ్ళీ కాలిబ్రేషన్.
2. సోలనాయిడ్ కంట్రోలర్‌కి కలిపా. 6.55కి ఆగాలి, 6.65కి తెరవాలి. దాన్ని బ్రేక్ లాగానే చూస్తున్నా, స్టీరింగ్ కాదు. నీడిల్ వాల్వ్ ఎంత తెరవాలంటే, రోజులో సోలనాయిడ్ రెండు మూడుసార్లే కొట్టుకోవాలి. గంటకి పదిసార్లు కొట్టుకుంటే బుడగలు ఎక్కువైనట్టు.
3. పెరిస్టాల్టిక్ పంపు, నిరంతరం తిరగడానికి తయారైన రకం. డోసింగ్‌కి వాడే చిన్న మోటార్లు రోజుకి కొన్ని నిమిషాలకే పనికొస్తాయి, 24 గంటలు తిప్పితే ఎక్కువ రోజులు ఉండవు. దీన్ని రియాక్టర్‌లోకి నీళ్ళు తోసే వైపు పెట్టా, బయటి గొట్టం పూర్తిగా తెరిచి వదిలేశా, వాల్వే లేదు. లాగే వైపు పెడితే పంపు ట్యూబ్ లోపల ఎప్పుడూ ఎఫ్లుయెంటే ఉంటుంది, సున్నం పేరుకుంటుంది, చాంబర్‌లో గ్యాస్ కూడా విడివడుతుంది. తోసే వైపు పెడితే ట్యాంక్ నీళ్ళే పోతాయి. రెండు రకాలుగా నడిపేవాళ్ళూ ఉన్నారు, నా అనుభవంలో ఇదే తలనొప్పి తక్కువ.
4. చాంబర్ పైభాగంలో చేరే గ్యాస్‌ని సన్న గొట్టంతో సర్క్యులేషన్ పంపు పీల్చే వైపుకి తిప్పా. ముందు ఆ గ్యాస్ ఒక్కసారిగా పంపులోకి పడి పంపు గాలి పట్టి ఆగేది.

రోజు 20 నుంచి 24 దాకా పొద్దున, సాయంత్రం కొలిచా: 16.7, 16.7, 16.5, 16.7... ఇక రాయడం ఆపేశా. పది రోజులు వాల్వ్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నది గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

దశ 4: ట్యూనింగ్, నా తొందరపాటు (రోజు 25–38)

ప్రవాహం 16.7 దగ్గర కట్టేసి, చాంబర్ పీహెచ్ ఒక్కటే మెట్టు మెట్టుగా దించా. ప్రతి మెట్టుకి కనీసం 24 గంటలు ఆగి ఎఫ్లుయెంట్ ఆల్క్ కొలిచా. ఎఫ్లుయెంట్ కొలిచేటప్పుడు ఒక వంతుకి మూడు వంతుల ఆర్వో-డీఐ (లవణాలన్నీ తీసేసిన) నీళ్ళు కలిపి, వచ్చిన అంకెని 4తో గుణించాలి, లేకపోతే టెస్ట్ కిట్ చుక్కలు లెక్కపెట్టలేక చస్తాం. నీళ్ళు పట్టిన వెంటనే చేయాలి, గ్లాసులో వదిలేస్తే అడుగున తెల్లగా దిగి తక్కువ చూపిస్తుంది.

నా మీడియాకి వచ్చినవి:

పీహెచ్ 6.9: ఎఫ్లుయెంట్ 19. ట్యాంకుకి రోజుకి 0.66 డీకేహెచ్.
పీహెచ్ 6.7: ఎఫ్లుయెంట్ 25. రోజుకి 1.02.
పీహెచ్ 6.6: ఎఫ్లుయెంట్ 28. రోజుకి 1.2.

లెక్క సీదా: ఎఫ్లుయెంట్ ఆల్క్‌లోంచి ట్యాంక్ ఆల్క్ తీసేసి, రోజుకి పోయే లీటర్లతో గుణించి, 400తో భాగించాలి. ప్రతి మెట్టు దగ్గర రియాక్టర్ ఎంత ఇస్తోందో తెలుసు కాబట్టి టూ-పార్ట్ అంత తగ్గిస్తూ వచ్చా, 6.6 దగ్గర పూర్తిగా ఆపేశా. ఇక్కడికి రోజు 28, అంతా బాగుంది, ఇక్కడ చేతులు కట్టుకుని కూర్చుంటే సరిపోయేది.

రోజు 29 ట్యాంక్ ఆల్క్ 7.6 వచ్చింది. నాకు 8 కావాలి. ఒక్క రోజు ఆగి మళ్ళీ కొలవాలి కదా, ఆగలేదు. పంపు 22 మి.లీ.కి పెంచా, కంట్రోలర్ 6.4కి దించా, బుడగలూ పెంచా, మూడూ ఒకే సాయంత్రం. దాని ఫలితం లెక్కేస్తే: రోజుకి 31.7 లీటర్లు, ఎఫ్లుయెంట్ 34, అంటే రోజుకి 2 డీకేహెచ్ పైన పోతోంది, ట్యాంక్ తినేది 1.2. ఆ లెక్క ముందు కాకుండా మూడు రోజుల తర్వాత కట్టా.

రోజు 32: ఆల్క్ 10.4. మూడు అక్రోపోరా కాలనీల కొసలు 3–4 మి.మీ. మేర తెల్లబడ్డాయి. నైట్రేట్ 2, ఫాస్ఫేట్ 0.02 దగ్గర ఉంటాయి నా ట్యాంకులో, పోషకాలు అంత తక్కువ ఉన్నచోట ఆల్క్ ఇలా ఎగబాకితే కొసలు కాలడం మామూలే.

ఏం చేశా: సోలనాయిడ్ ఆపేశా, నీళ్ళ ప్రవాహం అలాగే వదిలేశా. యాసిడ్ పోసి దించడం లాంటివేమీ చేయలేదు, కోరల్స్ తినే కొద్దీ అదే దిగుతుంది. రోజు 34కి 8.2. అప్పుడు మళ్ళీ 16.7, 6.6.

ఇంతకీ ఆ 7.6 కథేంటంటే, రిఫరెన్స్ ద్రావణంతో టెస్ట్ కిట్ చెక్ చేస్తే 0.5 తక్కువ చూపిస్తోంది. రోజు 29న నిజంగా ఉన్నది 8.1. దశ 0లో వచ్చిన అంకెల్లోనూ అదే తేడా ఉండి ఉంటుందేమో అని ఒక్కసారి గుండె జారింది, కానీ అక్కడ నేను వాడింది రోజుకీ రోజుకీ మధ్య తేడా కదా, 480 కదల్లేదు. అప్పటి నుంచి నోట్‌బుక్‌లో ప్రతి పేజీ పైన రాసుకున్నా: ఒక్క నాబ్, ఒక్క రోజు.

ఇప్పటిదాకా: 38 రోజులు. తూకం 6,010, గ్యాస్ 410 గ్రా. టూ-పార్ట్ సున్నా. కాలిన కొసలు 3 కాలనీలు, చచ్చింది ఏదీ లేదు.

దశ 5: ట్యాంక్ పీహెచ్ (రోజు 39–52)

రియాక్టర్‌కి ముందు పొద్దున 8.05, సాయంత్రం 8.3. ఇప్పుడు పొద్దున 7.8, సాయంత్రం 8.1. ఇది రావాల్సిందే, ఎఫ్లుయెంట్‌తో పాటు వాడుకోని సీవోటూ కూడా ట్యాంకులోకి పోతుంది. ఒక్కోటి ఒక్కోసారి మార్చి నాలుగేసి రోజులు చూశా.

1. ఎఫ్లుయెంట్ కొస సంప్‌లో ఎక్కడో కాకుండా స్కిమ్మర్ (గాలి బుడగలతో మురికి తీసే పరికరం) పీల్చే చోటికి మార్చా. పొద్దున పీహెచ్ 0.05 పెరిగింది.
2. రెండో చాంబర్ కలిపా, అందులో మీడియా మాత్రమే, గ్యాస్ ఇవ్వను. మిగిలిన సీవోటూ అక్కడ ఇంకొంచెం మీడియా కరిగిస్తుంది. ఎఫ్లుయెంట్ పీహెచ్ 6.6 నుంచి 6.9కి, ఆల్క్ 28 నుంచి 30.5కి. ట్యాంక్ పీహెచ్ 0.04 పెరిగింది. ఆల్క్ పెరిగింది కాబట్టి ప్రవాహం తగ్గించాలి: 480 ÷ 22.5 = 21.3 లీటర్లు, నిమిషానికి 14.8 మి.లీ.
3. స్కిమ్మర్ గాలి పీల్చే గొట్టాన్ని కిటికీ బయటికి తీశా. 0.12.

అంటే రెండో చాంబర్ కోసం పడ్డ తంటా కంటే మూడు మీటర్ల ప్లాస్టిక్ గొట్టం మూడింతలు పనిచేసింది. మూసి ఉన్న గదిలో మన ఊపిరి సీవోటూనే చాలా ఉంటుంది, దాన్నే స్కిమ్మర్ నీళ్ళలోకి కొడుతోంది అన్నమాట. ముందు ఇది చేసి ఉంటే రెండో చాంబర్ కొనేవాణ్ణే కాదేమో, కానీ గ్యాస్ వాడకం తగ్గింది కాబట్టి తీసేయలేదు. పొద్దున పీహెచ్ ఇప్పుడు 8.0, నాకది చాలు.

దశ 6: మామూలు రోజులు (రోజు 53–75)

వారానికి రెండుసార్లు ఆల్క్: 8.1, 8.0, 8.2, 8.1, 8.1, 8.0. క్యాల్షియం 425, మెగ్నీషియం 1290. కాలిన కొసల మీద రోజు 60 నాటికి కొత్త తెల్ల మొన కనబడింది, ఈసారి పెరుగుదల తెలుపు.

ఫాస్ఫేట్ 0.05 దాకా ఎక్కింది మధ్యలో, మీడియాదే అనుకుంటున్నా, జీఎఫ్‌వో (ఫాస్ఫేట్ పీల్చే ఐరన్ గింజలు) కొంచెం వేస్తే 0.03కి వచ్చింది. నిజానికి ఈ కోరల్స్‌కి 0.02 కంటే ఇదే బాగున్నట్టుంది.

ఆదివారం పని, పావుగంట పడుతుంది:

1. కొలజాడీతో ప్రవాహం.
2. ఎఫ్లుయెంట్ ఆల్క్.
3. సిలిండర్ తూకం.
4. ఎఫ్లుయెంట్ గొట్టం కొస గిల్లి చూడటం, సున్నం పట్టి ఉంటే ఒక సెంటీమీటరు కోసేయడం.
5. వారం మార్చి వారం ప్రోబ్ బఫర్‌లో.

బుడగలు లెక్కపెట్టడం పూర్తిగా మానేశా. ఒకసారి ఊరికే చూస్తే 32 ఉన్నాయి, రాసుకోలేదు కూడా.

రోజు 75: తూకం 5,785. మొత్తం గ్యాస్ 635 గ్రా., గత 37 రోజుల్లో రోజుకి 6.1, దశ 1లో కట్టిన 6తో దాదాపు సరిపోయింది. మిగిలింది 1,365 గ్రా., ఇదే లెక్కన 220 రోజులు పైన. మీడియా రోజు 25 నుంచి దాదాపు 430 గ్రా. కరిగి ఉండాలి, చాంబర్ గోడ మీద పెట్టిన మార్కర్ గీత కంటే మట్టం రెండు వేళ్ళు దిగింది, మూడో వంతు దిగాక నింపుతా.

ఈ ఆదివారం ప్రవాహం 14.2 వచ్చింది, 14.8 ఉండాలి. పెరిస్టాల్టిక్ ట్యూబ్ మెత్తబడుతోంది. స్పీడ్ ఒక గీత పెంచి 14.8కి తెచ్చా, ఇంకేదీ ముట్టుకోలేదు. రేపు ఇదే టైముకి ఆల్క్ చూడాలి, కొత్త ట్యూబ్ తెప్పించి పక్కన పెట్టుకోవాలి.